పదిహేను గంటల పది నిమిషాలు

అత్తగారు కాఫీ గ్లాసు ముట్టుకోలేదు. ఇది నాలుగో రోజు.

అసలు తాగడం లేదని కాదు. కోడలు తెచ్చి ముందు పెట్టినప్పుడు ముట్టుకోదు. కోడలు అటు తిరగగానే గబగబా తాగేసి, గ్లాసు తానే కడిగి బోర్లించి వస్తుంది. అలిగిన మనిషి ఎక్కడైనా గ్లాసు కడుగుతుందా? కోడలికి ఆ సందేహం రావలసిందే. కానీ నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేని మనిషికి సందేహాలు కూడా సరిగ్గా రావు.

ఆవిడ పాదాలు ఇంకా వాచే ఉన్నాయి. కూతురి దగ్గర మూడు నెలలుండి తిరుగు విమానం ఎక్కిన మనిషి. పదిహేను గంటల పది నిమిషాల్లో ఇంటికి చేరాలి. దారి మధ్యలో, పేరు కూడా నోరు తిరగని విమానాశ్రయంలో పంతొమ్మిది గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మొత్తం ముప్పై ఆరు గంటలకు గుమ్మంలో కాలు పెట్టింది. మందులున్న పెట్టె విమానం కడుపులోనే ఉండిపోయింది.

ఆ విమానం దారిలో దిగినా సరేనని కాగితం మీద రాసి సంతకం పెట్టింది మరెవరో అయితే ఈ ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉండేది కాదు. పెట్టింది కోడలే.

ఆమె ఉద్యోగం అది. విమానం ఏ దారిన పోవాలి, ఎంత ఎత్తున పోవాలి, ఎంత ఇంధనం నింపుకోవాలి అన్నది నేలమీద కూర్చుని లెక్క కడుతుంది. ఆమె సంతకం, పైలట్ సంతకం రెండూ పడితేగాని చక్రం కదలదు. పదకొండేళ్లుగా గాలులు చూసి చూసి ఆఫీసులో ఆమె పేరే గాలమ్మ అయిపోయింది. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఎవరికీ గుర్తు లేదు.

"ఇదిగో, సంతకం పెట్టు. నాలుగింటికల్లా విచారణకి ఇచ్చెయ్యాలన్నారుగా," అంటూ భర్త రెండు టైపు కాగితాలు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"చదవొద్దా?"

"చదవడానికేముంది? రాత్రి మనం అనుకున్నదేగా."

"రాత్రి అనుకున్నది మీరు. నేను విన్నాను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గడ్డం గీసుకుని మూడు రోజులైంది. మామూలుగా అయితే చొక్కా ఇస్త్రీ మడత నలిగినా ఆఫీసుకు వెళ్లని మనిషి. అదే కంపెనీలో ఆయన టైమ్‌టేబుళ్లు చేస్తాడు. ఏ విమానం ఎన్నింటికి బయల్దేరుతుంది, ఎన్ని గంటల్లో చేరుతుంది అని టికెట్ల మీద అచ్చయ్యే అంకెలు ఆయన బల్ల మీంచే వెళతాయి. పెళ్లయిన కొత్తలో, ఆయన అచ్చేసిన టైముని నేను ఆకాశంలో నిజం చేస్తాను అని ఆమె అందరితో చెప్పుకుని మురిసిపోయేది.

కోడలు కాగితం చదివింది. రెండో పేరాలో ఆగింది.

"'ఎదురుగాలి అంచనాలో నా వల్ల పొరపాటు జరిగింది.' నేను గాలి తప్పు చూశానా అండీ?"

"అలా పట్టుకుని సాగదీయకు."

"ఆ రోజు పొద్దున్నే చెప్పాను. గాలి నలభై అయిదు నిమిషాలు తింటుంది, పదిహేను గంటల యాభై అయిదు నిమిషాలు పడుతుంది అని. నలభై ఏడు తింది. ఆ రెండు నిమిషాలకి నేను తల వంచాలా?"

"నువ్వు చెప్పావని నాకు తెలుసు."

"మరి కాగితానికి తెలియదే!"

పక్కగదిలో మంచం కిర్రుమంది. అత్తగారు లేచినట్టుంది.

"రెండు ఊళ్లకీ మధ్య పదమూడు వేల నాలుగొందల కిలోమీటర్లు," అంది కోడలు, గొంతు తగ్గించి. "వెళ్లినా అంతే, వచ్చినా అంతే. వెళ్లేటప్పుడు గాలి వెనకనుంచి తోసి పదమూడున్నర గంటల్లో దింపుతుంది. వచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. చలికాలంలో మరీ. ఈ సంగతి మన ఆఫీసులో తుడిచే ఆవిడకి కూడా తెలుసు. మీరు పదిహేనూ పది అని ఎలా వేశారు?"

"ఏడాది మొత్తానికీ సగటు తీశాను."

"చలికాలం గాలికి మీ సగటు సంగతి ఎవరు చెబుతారు?"

"అవతలి కంపెనీవాళ్లు పదిహేనుంబావు వేశారు. మనది అంతకంటే తక్కువుండాలని మీటింగులో పట్టుబట్టారు. నేను ముందు పదిహేనూ యాభై అనే తీసుకెళ్లాను. ఒట్టు. ఒక్కొక్కళ్లూ పదేసి నిమిషాలు గీకారు. చివరికి అందరూ తలూపారు. నేనూ ఊపాను." ఆయన రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "చూడు, నువ్వు గాలి తప్పు చూశానంటే ఆర్నెల్లు లైసెన్సు ఆపుతారు. మళ్లీ ఇస్తారు. మనుషులన్నాక గాలి తప్పు చూస్తారు. నా అంకె తప్పని తేలిందనుకో, నన్ను ఇంటికి పంపుతారు. ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారు?"

అందులో అబద్ధం లేదు. అదే ఆమెకు ఒళ్లు మండించింది. పోనీ దుర్మార్గుడా అంటే కాదు, పక్కమీద సగం దుప్పటి ఎప్పుడూ ఆమె వైపే తోసే మనిషి.

"ఆసుపత్రిలో ఉన్నాయనకి ఎలా ఉందట?" అని అడిగింది.

"ఇంకా స్పృహ రాలేదట."

ఆ విమానంలో ఒక డ్రాయింగు మాస్టారున్నాడు. రెండు రోజులకోసారి డయాలసిస్ చేయించుకునే మనిషి. అక్కడ ఒక పొద్దున చేయించుకుని, ఇక్కడ మర్నాటికి చేయించుకునేలా టికెట్టు మీది గంటలు చూసి ప్రయాణం పెట్టుకున్నాడు. పదిహేను గంటల పది నిమిషాలు అని అచ్చులో ఉంటే ఎవరు మాత్రం నమ్మరు? ప్లాస్టిక్ కుర్చీల్లో పంతొమ్మిది గంటలు ఆయన లెక్కలో లేవు. ఇంటికి రావలసిన మనిషి విమానం దిగగానే స్ట్రెచర్ మీద ఆసుపత్రికి వెళ్లాడు.

"విచారణవాళ్లు ప్రయాణికులందరికీ ఫోన్లు చేస్తున్నారు," అన్నాడు భర్త లేస్తూ. "అమ్మకి మూడున్నరకి చేస్తారట. అమ్మ ఏం మాట్లాడుతుందిలే." చెప్పుల్లో కాళ్లు పెట్టి ఆగాడు. "నాలుగు రోజులుగా నీ మొహం చూడటం లేదు ఆవిడ. తప్పు నీది కాకపోతే అమ్మ అలా ఉంటుందా? కనీసం ఆవిడ కోసమైనా ఒప్పుకో."

ఆ మాట సూటిగా వెళ్లి తగలవలసిన చోటే తగిలింది. కోడలు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

అత్తగారి గది తలుపు మెల్లగా మూసుకుంది.

* * *

ఆఫీసులో ఆమె కుర్చీ మీద ఎవరిదో స్వెట్టరు వేలాడుతోంది. విచారణ తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు. వచ్చింది కాబట్టి ఎవరూ పొమ్మనలేదు, అలాగని కూర్చోమనీ అనలేదు. పది తెరల ముందు పదిమంది తలలు వంచుకుని గాలులు చూసుకుంటున్నారు. నిన్నమొన్నటిదాకా ఆమె రాగానే "గాలమ్మా, ఇవాళ ఎటు వీస్తున్నావ్?" అని అరిచేవాళ్లకి ఒక్కసారిగా పని ముంచుకొచ్చింది.

షిఫ్టు పెద్దాయన గాజు గదిలో ఉన్నాడు. రిటైరు కావడానికి ఏడు నెలలున్నాయి. ఈ ఏడు నెలలూ కడుపులో చల్ల కదలకుండా గడిస్తే చాలనుకుంటున్న టైములో ఈ గొడవ ఆయన నెత్తిన పడింది. కాగితాలు కళ్లజోడు ఎత్తి ఒకసారి, దించి ఒకసారి చదివాడు.

"ఇది నువ్వు రాసింది కాదు."

"ఎలా చెబుతారు?"

"పదకొండేళ్లలో నువ్వు గాలిని గాలి అన్నావు తప్ప 'అననుకూల వాతావరణ పరిస్థితులు' అని ఒక్కసారైనా అన్నావటమ్మా?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దాయన చూడనట్టు కిటికీలోకి చూశాడు. తర్వాత సొరుగులోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద ఆమె వైపు తిప్పాడు. ఆ విమానం ప్రయాణికుల జాబితా. అడుగున ముగ్గురి పేర్ల కింద గీత ఉంది.

సిబ్బంది కుటుంబాల టికెట్లవి. సీటు మిగిలితే ఎక్కిస్తారు. బరువు తగ్గించాలంటే అందరికంటే ముందు వాళ్లనే దించుతారు. మూడో పేరు అత్తగారిది.

"మీ అత్తగారు ఆ విమానంలో ఉన్నట్టు నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి కుర్చీ ఎందుకు మారలేదు?"

ఆ గదిలో అదొక పద్ధతి. ఎక్కడా రాసి లేదు, అయినా అందరూ పాటిస్తారు. మనవాళ్లున్న విమానం మనం చెయ్యకూడదు. "కుర్చీ మారతాను" అంటే చాలు, పక్కవాడు కారణం అడక్కుండా లేచి తన కుర్చీ ఇస్తాడు. సొంత మనిషి పైన ఉంటే చెయ్యి వణుకుతుందని, వణికినా చెడే, వణక్కూడదని బిగిసినా చెడేనని ఈ పెద్దాయనే ఆమెకు మొదటి నెలలో చెప్పాడు.

కోడలు జాబితాలో మూడో పేరు మీద వేలు పెట్టింది.

ఆ రోజు తొమ్మిదింటికే లెక్క తేలిపోయింది. సరుకు మొత్తం దించేసినా, ఎదురుగాలికి సరిపడా ఇంధనం బరువు మొయ్యాలంటే ఇంకా ఇరవై ఇద్దరు ప్రయాణికులు దిగాలి. భర్తకు ఫోన్ చేసి చెప్పింది. ఆయన బతిమాలాడు. ఈ సర్వీసు మొదలై ఆరు రోజులే అయింది, ఇప్పుడే మనుషుల్ని దించితే పైవాళ్లు ఎందుకని అడుగుతారన్నాడు. అడగనీండి అంది ఆమె. ఠక్కున ఫోన్ పెట్టేసింది.

ఇరవై నిమిషాలకు అత్తగారి ఫోన్ వచ్చింది.

"అమ్మాయ్, రెండు రోజులుగా గేటు దాకా వెళ్లి వెనక్కి వస్తున్నానమ్మా. అందరి పేర్లూ పిలుస్తారు, నా పేరు పిలవరు. ఇవాళ కూడా దించేస్తే నేనిక్కడే పడిపోతాను. నన్ను ఎలాగైనా ఎక్కించు తల్లీ," అని ఏడ్చింది. తొమ్మిదేళ్ల కాపురంలో ఆవిడ ఏడవగా కోడలు ఒక్కసారి కూడా చూడలేదు. మామగారు పోయినప్పుడు కూడా వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందించిన మనిషి.

కోడలు ఇరవై రెండుని కొట్టేసి సున్నా వేసింది.

వేరే దారి ఒకటుంది. తప్పేం కాదు, నిబంధనలు ఒప్పుకున్నదే. సగం దారిదాకా వెళ్లి అక్కడ ఇంధనం చూసుకోవడం, గాలి తగ్గితే ముందుకు పోవడం, తగ్గకపోతే మధ్యలో దిగి నింపుకోవడం. ఆకాశంలో ఎవరికీ ప్రమాదం లేదు. కానీ దిగితే పైలట్ల డ్యూటీ గంటలు అక్కడితో అయిపోతాయని, కొత్తవాళ్లు వచ్చేదాకా మూడొందలమంది కుర్చీల్లో పడి ఉండాలని ఆమెకు తెలుసు. గాలి తగ్గుతుందిలే అనుకుంది. పదకొండేళ్లలో మొదటిసారి గాలిని చూడకుండా గాలిని నమ్ముకుంది.

ఇదంతా ఆమె పెద్దాయనతో చెప్పలేదు. చెప్పకుండానే ఆయనకు సగం అర్థమైనట్టుంది. కాగితాలు మడిచి ఆమె చేతిలో పెట్టేశాడు.

"ఇది నేను చూడలేదు. నాలుగింటిదాకా టైముంది. నువ్వు రాసింది పట్టుకురా."

"నిజం రాస్తే లైసెన్సు పోతుందా సార్?"

"తెలిసి చేసినదాన్ని ఆర్నెల్లతో వదలరమ్మా," అన్నాడు పెద్దాయన. "అబద్ధం నీకు చవగ్గానే వస్తుంది. అది మాత్రం ఒప్పుకుంటాను."

* * *

మూడింటికి ఆమె భోజనాల బల్ల దగ్గర తెల్లకాగితం ముందేసుకుని కూర్చుంది. ఒళ్లంతా ఎవరో పిండి ఆరేసినట్టుంది. రెండు వాక్యాలు రాయడానికి పావుగంట పట్టింది.

"ఆ విమానంలో మా అత్తగారు ఉన్నారు. ఆవిడను దించవలసి వస్తుందనే నేను ఎవరినీ దించలేదు."

రాశాక చదువుకుంది. అంతే. పదకొండేళ్ల ఉద్యోగం రెండు వాక్యాల్లో అయిపోయింది. ఏడుపు రాలేదు. పోనీలే, ఇక పడుకోవచ్చు అనిపించింది.

"ఏం రాస్తున్నావమ్మాయ్?"

కోడలు ఉలిక్కిపడింది. అత్తగారు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. నాలుగు రోజుల తర్వాత ఆ గొంతు బొంగురుగా, పరాయి మనిషి గొంతులా వచ్చింది.

"ఏం లేదత్తయ్యా. ఆఫీసుకి ఇవ్వాలి."

ఆవిడ కుంటుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. కాగితం తనవైపు లాక్కుని, కళ్లజోడు లేకపోవడంతో దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివింది. చదివి చాలాసేపు కాగితం దించలేదు.

"నా కోసం చేశావా?"

"మీరు ఏడ్చారు కదత్తయ్యా."

"అందుకా!"

"మీ మీద పెట్టడం లేదు. సంతకం నాది. మీకు కోపం వచ్చిందంటే న్యాయమే. అంతసేపు కుర్చీలో..."

"కోపమా? నాకు నీ మీద కోపమా?" ఆవిడ కాగితం బల్ల మీద పెట్టింది. అరచేత్తో దాన్ని సాపు చేస్తూ ఉండిపోయింది. "నీ మొహం చూడ్డానికి నాకు మొహం చెల్లలేదే. ఆ మాస్టారు నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. గంట గంటకీ గడియారం చూసుకుని, 'అమ్మా, ఇంకెంతసేపంటారు?' అని నన్నే అడిగాడు. నేనేం చెప్పను?"

"మీరేం చేశారత్తయ్యా అందులో?"

అత్తగారు తలెత్తింది.

"నాకు ఏడుపు రాలేదమ్మాయ్ ఆ రోజు. రెండు రోజులు కాదు, పది రోజులు కూర్చోమన్నా కూర్చునేదాన్ని. వాడు ఫోన్ చేశాడు. 'అమ్మా, ఇవాళ కూడా నిన్ను దించేస్తుంది. నా మాట వినదు. నువ్వు ఫోన్ చేసి ఏడు. నీ ఏడుపుకైతే కరుగుతుంది' అన్నాడు. ఎందుకురా అంటే, నీ మంచికేనన్నాడు. అన్నాడు కదా అని ఏడ్చాను."

వంటింట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా పడుతోంది. కోడలు దాన్నే వింటూ కూర్చుంది. తొమ్మిదీ ఇరవైకి వచ్చిన ఫోన్. తను ఠక్కున పెట్టేసిన ఇరవై నిమిషాలకు. ఎంత తెలివి తక్కువది తను! ప్రపంచంలో గాలులన్నీ ఎటు తిరుగుతాయో చెప్పగల మనిషి, సొంత ఇంట్లో వీచింది ఎటునుంచో ఇన్నాళ్లూ చూసుకోలేదు.

ఆమెకు కోపం రావలసింది. రాలేదు. పక్కమీద తనవైపు తోసే సగం దుప్పటి గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

"అమ్మా!"

గుమ్మంలో భర్త. కాగితం తీసుకెళ్లడానికి వచ్చాడు కాబోలు, తాళం గుత్తి ఇంకా వేలికే ఉంది. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో మొహమే చెబుతోంది.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?" అన్నాడు.

"మీరే ఏడవమన్నారా?" అంది కోడలు.

"నేను... సరే, అన్నాను. నిన్ను మోసం చేద్దామని కాదు. ఒక్క వారం గడిస్తే మెల్లిగా టైము మార్పిద్దామనుకున్నాను. నాకేం తెలుసు గాలి అంత..."

"మీకు తెలుసు. నేను చెప్పాను."

ఆయన తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఇద్దరూ ఆయననే చూస్తున్నారు. ఆ ఇంట్లో వాళ్లిద్దరూ ఒకే వైపు చూడటం నాలుగు రోజుల తర్వాత అదే మొదలు.

అత్తగారి ఒళ్లో ఫోన్ మోగింది. మూడున్నర.

"అమ్మా, తియ్యకు," అన్నాడు ఆయన. "నీకు ఒంట్లో బాగాలేదని చెబుదాం. రేపు చేస్తారు. ఈలోగా ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం. నన్ను ఇంటికి పంపేస్తారమ్మా. నీకు అర్థమవుతోందా?"

ఆవిడకు అర్థమైంది. కళ్లనిండా నీళ్లు వచ్చాయి. ఈసారి ఎవరూ ఏడవమనలేదు. కొడుకుని తలనుంచి కాళ్లదాకా, గీసుకోని గడ్డంతో సహా చూసింది. కోడలు ఏదో అనబోయి మానుకుంది. అది తను అనాల్సిన మాట కాదు.

ఫోన్ నాలుగోసారి మోగుతుండగా అత్తగారు తీసింది.

"ఆఁ, నేనేనండి. ఆ విమానంలో వచ్చినదాన్నే." అవతలివాళ్లు ఏదో అడిగారు. ఆవిడ విన్నది. "నన్నడిగితే సగమే తెలుస్తుంది బాబూ. మా అబ్బాయి ఇక్కడే ఉన్నాడు. మొత్తం వాడు చెబుతాడు."

ఫోన్ చెవినుంచి తీసి, కూర్చున్న చోటునుంచే కొడుకు వైపు చెయ్యి చాచింది.

ఆయన కదల్లేదు. ఆవిడ చెయ్యి దించలేదు. "చెప్పండి సార్, రాసుకుంటున్నాం," అంటోంది ఫోన్లో గొంతు.